అమ్మను హోమ్‌లో చేర్చాలా? ముందు రాత్రుల సంగతి తేల్చండి

ప్రశ్న: మాది రాజమండ్రి. నాకు 47 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 18,000. నాన్న పోయాక అమ్మ (76) సొంతింట్లో ఒక్కతే ఉంటోంది. ఆరు వారాల కిందట బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ అయింది. వాకర్‌తో నడుస్తోంది, మతి బాగానే ఉంది, కానీ రాత్రి బాత్రూంకి లేవాలంటే పక్కన మనిషి ఉండాలి. అందుకని రోజూ నేనే వెళ్ళి పడుకుంటున్నా. మా ఆయన పైకి ఏమీ అనరు కానీ ముభావంగా ఉంటున్నారు. డాలస్‌లో ఉన్న అన్నయ్య హోమ్‌లో చేర్చమంటున్నాడు, మా ఊళ్ళో ఒక చోట అడిగితే నెలకి 22,000, లక్ష డిపాజిట్ అన్నారు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు పరువు పోతుందంటాడు, ఇల్లు తన పేర రాస్తే తనే చూసుకుంటానంటాడు. ఇంటికి రాత్రి ఆయాని పెడితే 12,000 అడుగుతున్నారు. అమ్మకి 20 లక్షల ఎఫ్‌డీ తప్ప ఇంకేం లేదు. నేనే ఉద్యోగం మానేస్తే అందరికీ సమస్య తీరిపోతుందనిపిస్తోంది.

జవాబు: మానకండి అమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి తర్వాత మాట్లాడతాను. మీరు మానేస్తే అందరికీ సమస్య తీరిపోతుందన్నారు, ఆ అందరిలో మీరు లేరు. 47 ఏళ్ళకి వదిలేసిన టీచరు ఉద్యోగం 50కి మళ్ళీ అదే జీతంతో దొరకడం కష్టం. కూతురు చూసుకుంటే ఖర్చు లేదని అన్నదమ్ములకి అనిపిస్తుంది, నిజానికి దాని ఖరీదు నెలకి 18,000, అది కట్టేది మీరొక్కరే.

ఇప్పుడు లెక్క చూద్దాం. హోమ్ వాళ్ళు చెప్పిన 22,000లో మందులు ఉండవు. డైపర్లు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే కారు, విడిగా మనిషి కావాలంటే ఆ జీతం, ఇవి చాలాచోట్ల వేరే. మందులకే 3,000 వేసుకున్నా 25,000 అవుతుంది. ఇంట్లోనే ఉంచితే రాత్రి ఆయాకి 12,000, పగలు వంటకీ పనికీ ఒక మనిషికి ఓ 6,000, సరుకులూ పాలూ కరెంటూ 4,500, మందులు 3,000, మొత్తం 25,500. మీ ఊళ్ళో అడిగితే ఒకటి రెండు వేలు అటూ ఇటూ కావచ్చు. చూశారా, రెండూ దాదాపు ఒకటే! అంటే మీ ఇంట్లో నలుగుతున్న గొడవకి డబ్బు అసలు కారణం కాదు, ఎక్కడ ఉండాలన్నది మీ అమ్మగారు నిశ్చింతగా ఎంచుకోవచ్చు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అన్నయ్య ఏమన్నాడో ఉంది, తమ్ముడు ఏమన్నాడో ఉంది, ఆవిడ ఏమంటున్నారో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. మతి బాగున్న మనిషి ఆవిడ.

ఆ పాతికవేలు ఎక్కడి నుంచి రావాలి అంటే, ముందు ఆవిడ డబ్బు నుంచే. ఎఫ్‌డీ గడువు తీరగానే (మధ్యలో విరగ్గొడితే వడ్డీ కోస్తారు, గడువు ఎప్పుడో చూసుకోండి) ఆ 20 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయించండి. 30 లక్షల దాకా వేసుకోవచ్చు, 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 8.2 శాతం ఇస్తున్నారు. మూడు నెలలకోసారి 41,000 చేతికొస్తుంది, నెలకి సుమారు 13,600. మిగిలిన దాదాపు 12,000 అన్నదమ్ములిద్దరూ పంచుకుంటే తలా ఆరు వేలు. మీ వాటా మీరు ఇప్పటికే మనిషిగా ఇస్తున్నారు, ఆ మాట మొహమాటపడకుండా చెప్పండి.

ఇంకో కాగితం కూడా వెంటనే చేయించండి. 70 దాటిన వాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది, ఆధార్ ఉంటే చాలు. అయితే అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఆయా జీతమూ హోమ్ ఫీజూ అందులో రావు, అన్నయ్య దాని మీద ఆశ పెట్టుకోకుండా ముందే చెప్పండి. ఇలాంటి ఉత్తరమే ఏ ఆధారమూ లేని ఇంటి నుంచి వచ్చి ఉంటే, ఎన్టీఆర్ భరోసా కింద నెలనెలా ఇంటికి తెచ్చిచ్చే 4,000 పింఛనుకి సచివాలయంలో అర్జీ పెట్టమని ముందు అదే చెప్పేదాన్ని.

ఇల్లు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. తమ్ముడు చెడ్డవాడని నేననను, కానీ చూసుకుంటానన్న నోటిమాట మీద రిజిస్ట్రేషన్ వద్దు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాయించుకుని తర్వాత పట్టించుకోకపోతే ఆ దస్తావేజు రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. ఆ షరతు దస్తావేజులోనే రాసి ఉంటే ఆవిడకి బలం, లేకపోతే కోర్టుల చుట్టూ తిరగాలి. అసలిప్పుడు రాయాల్సిన అవసరమే లేదు, కాలు నొప్పితో మంచం మీద ఉన్న మనిషి చేత సంతకాలు పెట్టించే సమయమా ఇది?

పరువు గురించి ఒక మాట. తమ్ముడికి ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారోనని టెన్షన్, కానీ అర్ధరాత్రి రెండింటికి అమ్మని లేపి బాత్రూంకి తీసుకెళ్ళేది ఊళ్ళో వాళ్ళు కాదు. హోమ్‌లో చేర్చడం వదిలించుకోవడం కాదు, అలాగని హోమ్‌లో చేరిస్తే అన్నీ వాళ్ళే చూసుకుంటారనుకోవడం కూడా పొరపాటే. మా అత్తగారి కోసం నేనూ ఒక చోటు చూసి వచ్చాను, సాయంత్రం నాలుగింటికి వెళితే పూలకుండీలు, టీవీ, నవ్వుతూ పలకరించే మేనేజరు, అంతా బాగుందని చేర్చాం. రెండంతస్తుల ఇంట్లో రాత్రికి ఒక్కతే ఆయా అని మాకు పది రోజుల తర్వాతగానీ తెలియలేదు, ఆవిడ తడిసిన పక్క మీదే తెల్లారేదాకా పడుకున్నారు. ఆ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది. అందుకే మీరు వెళితే రాత్రి తొమ్మిది దాటాక వెళ్ళండి. డ్యూటీలో ఎంతమంది ఉన్నారు, మంచం దగ్గర బెల్లు కొడితే ఎవరొస్తారు, జ్వరమొస్తే ఏ ఆసుపత్రికి ఎవరు తీసుకెళతారు, రేపు ఆవిడ పూర్తిగా మంచాన పడితే ఉంచుకుంటారా పంపించేస్తారా, డిపాజిట్‌లో ఎంత తిరిగిస్తారు, ఎన్నాళ్ళలో, ఇవన్నీ కాగితం మీద రాసిమ్మనండి. రాయడానికి వెనకాడితే లేచి వచ్చేయండి. ఇంకెక్కడెక్కడ ఉన్నాయో తెలియాలంటే 14567కి ఫోన్ చేయండి, అది వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, డబ్బులు పడవు.

కానీ నా మనసులో మాట చెప్పాలంటే, శాశ్వత నిర్ణయం ఇప్పుడే వద్దు. తుంటి ఆపరేషన్ అయ్యాక నడక చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే మెరుగుపడుతుంది, మీకు ఆరు వారాలే అయ్యాయి. రాబోయే మూడు నెలలూ ఫిజియోథెరపీ రోజూ పడేలా చూడండి, రెండు మూడు నెలల ఫీజు అన్నయ్యనే పెట్టుకోమనండి, అదేదో హోమ్ డిపాజిట్ కిందే అనుకోమనండి. ఎముకల బలానికి మందు అవసరమా అని సర్జన్‌ని తప్పకుండా అడగండి, ఒకసారి విరిగిన వాళ్ళకి మళ్ళీ విరిగే ప్రమాదం ఎక్కువ, కుట్లు మానగానే ఆ సంగతి అందరూ మర్చిపోతారు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ ఒకటి పెడితే రాత్రి నడిచే దూరం తగ్గుతుంది.

ఆదివారం అన్నయ్యా తమ్ముడూ ఇద్దరూ ఉండేలా వీడియో కాల్ పెట్టండి, అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. దానికి ముందు ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఆవిడని అడగండి, రాత్రి ఆయాతో ఉండగలవా, హోమ్‌లో ఒక నెల ఉండి చూస్తావా అని. కోటిలింగాల రేవు స్నేహితులూ ఎదురింటివాళ్ళూ లేని చోట ఉండలేననొచ్చు, లేదా మాట్లాడే మనుషులుంటే చాలు, వెళతాననొచ్చు, మనం ముందే అనుకోకూడదు. ఏది అన్నా మూడు నెలలకే మాట్లాడుకోండి, నెలకి ఎవరెంత పంపాలో ఆ కాల్‌లోనే తేల్చుకుని వాట్సాప్‌లో రాసిపెట్టండి.

రాత్రి ఆయాని మాత్రం ఆదివారం దాకా ఆపకండి, రేపే పిలవండి. మొదటి రెండు రాత్రులు మీరూ అక్కడే ఉండి ఆవిడ పద్ధతి చూడండి, మూడో రాత్రి మీ ఇంటికెళ్ళి పడుకోండి. బాత్రూం గోడకి పట్టుకునే స్టీలు రాడ్లు ఈ వారమే బిగించండి, అమ్మగారు ఎక్కడ ఉండాలని తేలినా ఈ మూడు నెలలూ అవి కావాల్సిందే.