వాళ్ల ప్రశ్నను కుదించండి, మార్చేయకండి

మీరు అడిగింది ఇది: ఫ్యాకల్టీలో కొత్తగా చేరారు. మహిళల ఆరోగ్యం మీద పరిశోధన మొదలుపెట్టిన ఇద్దరు జూనియర్లను మీకు అప్పజెప్పారు. మీరే ఇంకా పూర్తిగా కుదురుకోలేదు, అలాంటప్పుడు మెంటార్‌గా వాళ్లకు ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి? నేను పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదట నేను చేసిన తప్పు చెప్తాను, మీరూ అదే చేసే అవకాశం ఎక్కువ కాబట్టి.

నా దగ్గరికి వచ్చిన మొదటి అమ్మాయి నెలసరిలో అధిక రక్తస్రావం మీద పని చేస్తానంది. ఎంత రక్తం పోతే ఆడవాళ్లు "ఇది మామూలుగా లేదు" అనుకుంటారు, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తారు, ఎందుకు అన్నాళ్లు ఆగుతారు అన్నది తన ప్రశ్న. నాకు అది కొలతకు అందనిదిగా అనిపించింది. "దీన్ని ఏ జర్నల్ వేసుకుంటుందమ్మా? హిమోగ్లోబిన్ తీసుకో, రక్తహీనతతో ముడిపెట్టు, ఏడాదిలో పేపర్ వస్తుంది" అన్నాను. అన్నట్టే పేపర్ వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం రెండో ఏడాది చివర్లో పరిశోధన వదిలేసి వేరే ఉద్యోగంలో చేరింది. వెళ్లేముందు, కోపంగా కూడా కాదు, "మేడమ్, ఆ పేపర్ మీది. నేను టైప్ చేశానంతే" అంది.

తర్వాత కూర్చుని చదివితే గానీ తన ప్రశ్న ఎంత గట్టిదో నాకు అర్థం కాలేదు. పరిశోధనల్లో చాలాకాలం పాటు ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటితేనే అధిక రక్తస్రావం కింద లెక్క. ఆ గీత 1960ల్లో స్వీడన్‌లో చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. కొలవాలంటే ఆమె వాడిన ప్యాడ్లన్నీ దాచి తెచ్చివ్వాలి. వాటిని క్షార ద్రావణంలో నానబెట్టి, అందులోకి దిగిన హిమోగ్లోబిన్‌ని బట్టి ఎంత రక్తం పోయిందో లెక్కగట్టాలి. మామూలు ఓపీలో ఈ పని ఎవరు చేస్తారు? బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మిల్లీలీటర్ల గొడవ పక్కనపెట్టింది. ఆమె శారీరక, మానసిక, సామాజిక జీవితానికి అడ్డుపడేంతగా రక్తం పోతుంటే అది అధిక రక్తస్రావమే అంది. ఆ అమ్మాయి నా ముందు కూర్చుని ప్రశ్న చెప్పేనాటికే ఆ మార్గదర్శకాలు వచ్చి ఉన్నాయి. చదవనిది నేను.

అందుకని ఇప్పుడు మొదటి రెండు మూడు మీటింగుల్లో నేను పెద్దగా మాట్లాడను. ఒక్క పేజీ రాసుకురమ్మంటాను. ఎవరి గురించి ఈ ప్రశ్న? ఆమె ఏ నిర్ణయం దగ్గర ఆగిపోయింది? మనకు జవాబు దొరికితే ఆమెకు గానీ, ఆమెను చూసే డాక్టరుకు గానీ ఏం మారుతుంది? ఈ పేజీ రాయడానికి కొందరికి నెల పడుతుంది, పట్టనివ్వండి. జూనియర్ల ప్రశ్నలు ఎప్పుడూ పెద్దగానే ఉంటాయి, ఉండాలి కూడా. మన పని ఆ ప్రశ్నను వాళ్ల చేతిలో ఉన్న టైముకీ డబ్బుకీ సరిపోయేలా కుదించడం. కుదించానా, మార్చేశానా అని తేల్చుకోవడానికి నాకొక గుర్తు ఉంది. కుదించాక కూడా వాళ్లు ఆ ప్రశ్న గురించి ఉత్సాహంగా మాట్లాడుతుంటే అది కుదించడం. "సరే మేడమ్" అని తలూపి వెళ్లిపోయారంటే మీరు దాన్ని మార్చేశారు. (అన్నట్టు, నా దగ్గర అబ్బాయిలూ ఉన్నారు. మెనోపాజ్ వయసులో నిద్ర మీద పని చేసిన ఒక అబ్బాయిని "నీకెందుకు ఈ సబ్జెక్టు" అని అడగనివాళ్లు లేరు. మీరు మాత్రం అడగొద్దు.)

రెండో సంగతి, చదివించడం. నేను ప్రతి బ్యాచ్‌తోనూ 2002లో వచ్చిన ఒకే పేపర్ చదివిస్తాను. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ల మీద అమెరికాలో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ హార్మోన్లు కలిపి మాత్రగా ఇచ్చిన భాగం అది. 16,608 మంది ఆడవాళ్లు ఉన్న ఆ ట్రయల్‌ని సగటున 5.2 ఏళ్ల దగ్గర మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందన్న మాట ప్రపంచమంతా పాకింది, లక్షలాది మంది రాత్రికి రాత్రి మాత్రలు మానేశారు. జూనియర్లను ఆ 26 శాతాన్ని మనుషుల్లోకి మార్చమంటాను. ఏడాదికి పదివేల మందిలో 30 మందికి వచ్చేది 38 మందికి వచ్చింది, అంటే ఎనిమిది మంది ఎక్కువ. "ఇందులో ఉన్నవాళ్ల సగటు వయసు ఎంత?" అనేది తర్వాతి ప్రశ్న. అరవై మూడు. మరి వేడి ఆవిర్లతో డాక్టర్ దగ్గరికి వచ్చే మనిషికి యాభై దాటి ఒకటో రెండో ఉంటాయి. ఆ తర్వాత విశ్లేషణల్లో, అరవై లోపు గానీ, మెనోపాజ్ వచ్చిన పదేళ్ల లోపు గానీ మొదలుపెట్టినవాళ్లలో లాభనష్టాల లెక్క వేరుగా ఉంటుందని తేలింది. అంకె తప్పు కాదు. ఆ అంకె ఎవరిదో అడగకపోవడమే అసలు తప్పు. ఈ ఒక్క మధ్యాహ్నం చేసే పని ఆరు స్టాటిస్టిక్స్ క్లాసులు చేయవని నా నమ్మకం.

ఇంకోటి, వాళ్లకు, జర్నల్ తరఫున పేపర్ చదివి చూసే రివ్యూయర్ల నుంచి "ఇది ఇప్పటికే తెలిసిన విషయమే కదా" అన్న మాట చాలాసార్లు వస్తుంది. బెంబేలెత్తిపోతారు. అప్పుడు చరిత్ర చెప్పండి. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 1977లో, పిల్లలు పుట్టే అవకాశం ఉన్న ఆడవాళ్లను మందుల తొలి దశ ట్రయల్స్‌కి దూరంగా ఉంచమంది. ఆ మాట వెనక్కి తీసుకున్నది 1993లో. ప్రభుత్వ నిధులతో జరిగే ట్రయల్స్‌లో ఆడవాళ్లు ఉండాలని అక్కడ చట్టం చేసిందీ అదే ఏడాది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్రకు 1992లో అనుమతి వచ్చింది. ఆడవాళ్ల రక్తంలో పొద్దున లేచేసరికి కూడా మందు ఎక్కువగా మిగిలి, డ్రైవింగ్‌కి ప్రమాదమయ్యేంతగా ఉంటోందని వాళ్ల డోసు పది నుంచి ఐదు మిల్లీగ్రాములకు తగ్గించమన్నది 2013లో. ఇరవై ఏళ్లు పట్టింది. "తెలిసిందే" అని ఎవరైనా అంటే, ఎవరిలో తెలిసింది అని మర్యాదగా తిరిగి అడగడం మా పిల్లలు ఇప్పుడు నేర్చుకున్నారు. కొంతమంది మరీ ఎక్కువగా నేర్చుకున్నారు, అది వేరే కథ.

మనం మాట్లాడటానికి మొహమాటపడే విషయాలు రెండున్నాయి. ఒకటి పేపర్ మీద పేర్ల వరస. ఫస్ట్ ఆథర్ ఎవరు, చివరి పేరు ఎవరిది అన్నది డేటా తీయకముందే మెయిల్‌లో రాసి పెట్టుకోండి. పని మారితే ఆ మెయిల్ తెరిచి మళ్లీ మాట్లాడుకోవచ్చు. రెండోది టైము. జూనియర్లను, అందులోనూ అమ్మాయిలను, కమిటీలకీ ఈవెంట్లకీ తెగ పిలుస్తారు. వాళ్లు కాదనలేరు, కాబట్టి వాళ్ల తరఫున మీరు కాదనాలి. ఈ రంగంలో జూనియర్ల కోసం అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 2000లో మొదలుపెట్టిన బిర్చ్ అనే పథకంలో, పని సమయంలో కనీసం 75 శాతం పరిశోధనకే కేటాయించాలన్న షరతు పెట్టారు. ఒక్కరు కాకుండా వేరువేరు రంగాల మెంటార్లు కలిసి చూసుకునే పద్ధతి కూడా అందులోదే. మీరు 75 శాతం ఇప్పించలేకపోవచ్చు, వారానికి రెండు పూటలు ఎవరూ కదిలించకుండా చూడగలరు కదా. అలాగే స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లను ఒకరిని, మీ డిపార్ట్‌మెంట్‌తో సంబంధం లేనివాళ్లను ఒకరిని వాళ్లకు పరిచయం చేయండి. మీ గురించి కంప్లైంట్ చేసుకోవడానికైనా వాళ్లకు ఒక మనిషి ఉండాలి.

ఇక ఇంటర్వ్యూల సంగతి. కడుపు పోయినవాళ్లతో, కాన్పులో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లతో, ఇంట్లో దెబ్బలు తినేవాళ్లతో మాట్లాడి వచ్చిన జూనియర్ మామూలుగానే కనిపిస్తుంది. "బాగానే జరిగింది మేడమ్" అంటుంది. మా దగ్గర ఒకమ్మాయి వరసగా తొమ్మిది ఇంటర్వ్యూలు చేసి, పదోదానికి ఫోన్ ఎత్తలేదు. తనకూ అంతకు ముందు ఏడాది కడుపు పోయిందని నాకు అప్పటిదాకా తెలియదు, నేను అడగలేదు. గృహహింస మీద పరిశోధనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన నైతిక సూచనల్లో, జవాబు చెప్పేవాళ్లతో పాటు పరిశోధన టీమ్ భద్రత, వాళ్ల మనసు మీద పడే బరువు కూడా చూసుకోమని ఉంది. ఇప్పుడు మేం రోజుకు రెండు ఇంటర్వ్యూలు మించి పెట్టం. అయిపోయాక అరగంట కూర్చుంటాం, డేటా ఊసెత్తం. సబ్జెక్టు ఎంచుకునేటప్పుడే "ఇందులో నీకు తగిలేది ఏమైనా ఉందా? నాకు వివరాలు చెప్పక్కర్లేదు" అని ఒక్క మాట అడుగుతాను.

ఎంతసేపు కేటాయించాలని కూడా అడిగారు. ఇద్దరైతే చెరో ముప్పావుగంట, వారం వారం, పని లేకపోయినా సరే. పని ముందుకు సాగని వారమే ఆ ముప్పావుగంట ఎక్కువ అవసరం.

మూడేళ్ల క్రితం ఇంకో జూనియర్ దాదాపు అదే ప్రశ్నతో వచ్చింది, రక్తస్రావం ఎక్కువన్న సంగతి ఆడవాళ్లకు ఎప్పుడు, ఎలా తెలుస్తుందని. ఆ మొదటి అమ్మాయికి ఫోన్ చేశాను, తను ఏమనుకుంటుందోనని టెన్షన్ పడుతూనే. ఆదివారం వచ్చింది. ప్రశ్నావళి మొత్తం చదివి, నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. "రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తారు" అన్నది అది. పెన్ను తీసుకుని కొట్టేసి, పక్కన రాసింది: "ఆ రోజుల్లో బయటికి వెళ్లేముందు ఏం ఆలోచిస్తారు?"