‘రాయలేదు’ అంటే చేతకాదనా, జరగలేదనా?

సందేహం: ప్రాజెక్టు ప్రణాళిక ఫైళ్లను చదివే ఎంపీఎక్స్‌జే అనే జావా లైబ్రరీని (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధ కోడ్‌ను) తెలుగులో పరిచయం చేస్తూ ‘ఈ లైబ్రరీ ఎంపీపీ ఫైలును చదవగలదు కాని రాయలేదు’ అని రాశాను. అది చూసిన మిత్రుడు ‘ఎందుకు రాయలేదు, ఏదైనా లోపం వచ్చిందా?’ అని అడిగారు. అందువల్ల ‘ఎంపీపీ ఫైలు ఈ లైబ్రరీచే చదవబడును, రాయబడదు’ అని మార్చాను. వీటిలో ఏది సరైనది?

సమాధానం: మీ మొదటి వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, మీ మిత్రుడు దాన్ని అర్థం చేసుకున్న తీరులోనూ దోషం లేదు. జరగని పనిని చెప్పేటప్పుడు ‘లేదు’ అనే రూపం కర్తను బట్టి మారదు: నేను రాయలేదు, నువ్వు రాయలేదు, వాళ్లు రాయలేదు. శక్తి లేదని చెప్పేటప్పుడు మాత్రం కర్తను అనుసరించి మారుతుంది: నేను రాయలేను, అతడు రాయలేడు, వాళ్లు రాయలేరు, అవి రాయలేవు. ఈ రెండు వరుసలూ ఒకే రూపంలో కలిసిపోయేది కర్త ‘అది’ గాని ‘ఆమె’ గాని అయినప్పుడే. లైబ్రరీ, ప్రోగ్రాము, సర్వరు అన్నీ ‘అది’ అనిపించుకునేవే కనుక సాంకేతిక రచన చేసేవారికి ఈ చిక్కు అడుగడుగునా ఎదురవుతుంది. కర్తను బహువచనంలోకి మార్చి ‘ఇటువంటి లైబ్రరీలు రాయలేవు’ అంటే సందేహం ఉండదు గాని, మీరు చెబుతున్నది ఒక్క లైబ్రరీ గురించి.

ఇక్కడ విషయాన్ని బట్టి క్రియను ఎంచుకోవాలి. ఎంపీపీ అనేది మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టు తన కోసం వాడుకునే బైనరీ రూపం. దాని లోపలి అమరికను ఆ సంస్థ బహిరంగపరచలేదు కనుక, లైబ్రరీ నిర్మాతలు ఫైళ్లను పరిశీలించి, చదవడానికి కావలసినంత మేరకు ఆ అమరికను తెలుసుకున్నారు. ఆ రూపంలో రాసే ఏర్పాటు మాత్రం చేయలేదు. అంటే ఇది ఒకనాడు జరిగిన వైఫల్యం కాదు, ఆ లైబ్రరీ స్థిర లక్షణం. స్థిర లక్షణాన్ని చెప్పడానికి తెలుగులో తద్ధర్మ వ్యతిరేక రూపం ఉండనే ఉంది: ఇనుము నీటిపై తేలదు, రాయి కరగదు. అదే పద్ధతిలో ‘ఈ లైబ్రరీ ఎంపీపీ ఫైళ్లను చదువుతుంది కాని రాయదు’ అనండి. దాని వెంటనే ‘మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టులో తెరవదగిన ఫైలు కావాలంటే ఎక్స్ఎంఎల్ రూపంలో రాయించుకోవాలి’ అని చేర్చితే పాఠకుడికి దారి కూడా తెలుస్తుంది. ‘రాయజాలదు’ అన్నా అర్థం స్పష్టమే. అయితే మీ వ్యాసపు తీరుకు ఆ మాట కాస్త బరువనిపిస్తుంది.

ప్రయత్నించి విఫలమైన సందర్భానికి ‘రాయలేకపోయింది’ అన్న రూపాన్ని అట్టిపెట్టుకోండి. ఫైలు సగంలో తెగిపోయి ఉంటే లైబ్రరీ దాన్ని చదవలేకపోయింది. డిస్కులో చోటు లేకపోతే కొత్త ఫైలును రాయలేకపోయింది. లోప సందేశాలకు ఇదే సరైన రూపం.

ఇక మీ రెండో వాక్యం. ‘చదవబడును, రాయబడదు’ అన్న కర్మణి ప్రయోగం సందిగ్ధతను తొలగించకపోగా కర్తను వెనక్కి నెట్టింది. ‘రాయబడదు’ అన్నది అశక్తతో నిషేధమో కూడా తేలదు. ఇటువంటి రచనలో ఏ పని ఎవరిదో తెలియడం ముఖ్యం. ఈ లైబ్రరీలోని యూనివర్సల్‌ప్రాజెక్ట్‌రీడర్ అనే క్లాసు (కోడ్ విభాగం), ఇచ్చిన ఫైలు ఏ రకానిదో తానే గుర్తుపడుతుంది. దాన్ని ‘ఫైలు రకం గుర్తించబడుతుంది’ అని రాస్తే, ఆ గుర్తించే పని తన మీద ఉందేమోనని ప్రోగ్రామరు అనవసరంగా తడుముకుంటాడు.

మీరు అడగకపోయినా ఒక మాట. ‘ఫైలును’ అని విభక్తి ప్రత్యయాన్ని నిలపడం మంచిదైంది. జడవాచకాలకు ద్వితీయకు బదులు ప్రథమ రావచ్చని చిన్నయసూరి బాలవ్యాకరణం కూడా అంగీకరిస్తుంది. ‘పుస్తకం చదివాడు’ అని అందరమూ అంటాము. కాని కర్త, కర్మ రెండూ జడాలే అయినప్పుడు, పైగా పక్కపక్కనే ఉన్నప్పుడు, ‘లైబ్రరీ ఫైలు చదువుతుంది’ అంటే ‘లైబ్రరీ ఫైలు’ ఒకే సమాసంగా వినిపించే ప్రమాదం ఉంది.

‘చదవగలదు’ అన్నది తప్పు కాదు. అయితే దాన్నే వాడుకరులకు అన్వయించి, ప్రైమవెరా అనే మరో ప్రణాళిక సాఫ్ట్‌వేర్ ఫైళ్ల గురించి చెబుతూ ‘ప్రైమవెరా ఎక్స్ఈఆర్ ఫైళ్లను కూడా ఈ క్లాసుతో చదవగలరు’ అని రాయకండి. ‘సభకు హాజరుకాగలరు’ వంటి ప్రకటనల వల్ల ‘గలరు’ అన్న రూపానికి విన్నపం అనే అర్థం స్థిరపడింది. అక్కడ ‘చదవవచ్చు’ అంటే సరిపోతుంది.