లైసెన్సు కంటే ముందు వచ్చిన రైఫిల్

ప్రశ్న: మా అబ్బాయి 11 ఏళ్లు అమెరికాలోని టెక్సాస్‌లో ఉద్యోగం చేసి, గ్రీన్‌కార్డు ఉన్నా అక్కడి కాపురం ఎత్తేసి కుటుంబంతో సహా హైదరాబాద్‌కు వచ్చేశాడు. ఇంటి సామానంతా ఓడ కంటైనర్‌లో వేయించాడు. అక్కడ నాలుగేళ్లుగా గురి సాధనకు వాడుకుంటున్న .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్ కూడా అందులోనే వచ్చింది. ఇక్కడ ఆయుధ లైసెన్సుకు ముందుగానే దరఖాస్తు పెట్టుకున్నాడు గానీ, కంటైనర్ దిగిన 23 రోజులకు గాని అది చేతికి రాలేదు. క్లియరింగ్ ఏజెంటు తయారుచేసిన సామాను జాబితాలో రైఫిల్ ప్రస్తావన లేదు. ‘ఆట సామాను, 1 పెట్టె’ అని మాత్రమే ఉంది. కింద సంతకం మా వాడిదే. తనిఖీలో అధికారులు మనవడి సైకిలుకూ క్రికెట్ కిట్టుకూ మధ్య ఉన్న బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టెను తెరిచి రైఫిల్‌ను స్వాధీనం చేసుకున్నారు. ఆ రాత్రి 9 గంటల దాకా వాంగ్మూలం తీసుకున్నారు. ఇప్పుడు కస్టమ్స్ నుంచి షోకాజ్ నోటీసు వచ్చింది, ఆయుధాల చట్టం కింద ఎఫ్‌ఐఆర్ కూడా నమోదైంది. రైఫిల్ సంగతి ముందే తెలియజేసినట్టు పాత తేదీతో ఒక లేఖ తయారుచేసి పెడితే గండం గడుస్తుందని ఏజెంటు అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, సైనిక్‌పురి, హైదరాబాద్

జవాబు: మీరు చివర రాసిన మాటకే ముందు జవాబు చెప్పాలి. ఆ లేఖ తయారు చేయవద్దు, ఎవరు తయారుచేసి తెచ్చినా దాని మీద మీ అబ్బాయి చేత సంతకం పెట్టించవద్దు. ఈ క్షణం వరకు అతని మీద ఉన్నది చెప్పవలసిన చోట చెప్పలేదన్న ఆరోపణ. దానికి సంజాయిషీ ఉంది, సాక్ష్యం ఉంది, కోర్టు నమ్మడానికి అవకాశమూ ఉంది. పాత తేదీ వేసిన కాగితం దాఖలైతే అది తెలిసి చేసిన మోసం అవుతుంది. తెలిసి తప్పుడు పత్రం వాడినందుకు కస్టమ్స్ చట్టం 114ఏఏ సెక్షన్ కింద సరుకు విలువకు ఐదు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు, భారతీయ న్యాయ సంహిత కింద ఫోర్జరీ కేసు వేరుగా పెట్టవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, అప్పటిదాకా అతను చెప్పిన నిజాలన్నిటి మీదా ఆ ఒక్క కాగితం నీడ పడుతుంది.

ఇక కేసు విషయం. మీ ఇంటికి వచ్చినవి రెండు వేర్వేరు వ్యవహారాలు. షోకాజ్ నోటీసు 1962 నాటి కస్టమ్స్ చట్టానికి సంబంధించినది. రైఫిల్‌ను జప్తు చేయాలా, జరిమానా ఎంత వేయాలి అన్నది అక్కడ శాఖాధికారే తేలుస్తారు. అదే చట్టంలో తప్పుడు డిక్లరేషన్‌కు 132వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది, 135వ సెక్షన్ కింద కొన్ని సందర్భాల్లో ఏడేళ్ల దాకా పడవచ్చు. అయితే వాటి మీద కోర్టులో కేసు వేయాలంటే 137వ సెక్షన్ ప్రకారం కమిషనర్ స్థాయి అధికారి ముందస్తు అనుమతి కావాలి. ఎఫ్‌ఐఆర్ అలా కాదు, అది 1959 నాటి ఆయుధాల చట్టం కింద నడిచే క్రిమినల్ కేసు. ఒకచోట ఇచ్చిన జవాబును రెండోచోట తప్పక చదువుతారు కాబట్టి, రెండింటినీ ఒకే న్యాయవాది, లేదా కలిసి పనిచేసే ఇద్దరు, చూసుకోవాలి. కస్టమ్స్ జవాబు ఏజెంటుకూ, బెయిలు పని వకీలుకూ అప్పగించి చేజేతులా చెడగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి.

ఆయుధాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాన్ని దేశంలోకి తీసుకురాకూడదు. దానికి ఒక మినహాయింపు ఉంది. ఆ ఆయుధాన్ని కలిగి ఉండే హక్కు చట్టప్రకారం ఉన్న మనిషి, సొంత వాడకానికి తగుమాత్రంగా, వేరే దిగుమతి లైసెన్సు లేకుండానే తెచ్చుకోవచ్చు. ఆ హక్కు ఎప్పటి నుంచి ఉంది అన్నదే మీ కేసులో చిక్కుముడి. చట్టం చూసేది రైఫిల్ దేశంలో అడుగుపెట్టిన రోజును, ఆనాటికి లైసెన్సు రాలేదు. కాపురం మార్చుకుని వచ్చేవారికి కస్టమ్స్ నిబంధనలు ఇచ్చే వెసులుబాటు కూడా ఇలాంటిదే: అనుమతించిన బోరు (గొట్టం లోపలి వ్యాసం) తుపాకీ ఒక్కటి, విదేశంలో కనీసం ఏడాదిపాటు తన దగ్గర ఉండి వాడినది, సుంకం చెల్లించి, ఇక్కడి లైసెన్సు చూపించి తెచ్చుకోవచ్చు. ఆ తరువాత జీవితాంతం దాన్ని అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. బోరు విషయంలో, వాడుకాలం విషయంలో మీ అబ్బాయికి ఇబ్బంది లేదు. (అమెరికాలో ఇంటింటా కనిపించే 9 ఎంఎం పిస్టలే అయి ఉంటే, ఇక్కడ అది నిషిద్ధ బోరు కిందకు వచ్చేది.) లోటు రెండే చోట్ల ఉంది: లైసెన్సు తేదీలో, సామాను జాబితాలో.

ఒక్క సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను. జాబితాలో ‘.22 రైఫిల్’ అని ఒక్క ముక్క రాసి, లైసెన్సు దరఖాస్తు రసీదు జత చేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. అనుమానం ఉన్నప్పుడు కేంద్ర ప్రభుత్వ ఆదేశాలు వచ్చేదాకా ఆయుధాన్ని నిలిపి ఉంచే అధికారం అదే 10వ సెక్షన్ కస్టమ్స్ కమిషనర్‌కు ఇచ్చింది. అలా చెప్పి ఉంటే రైఫిల్ గిడ్డంగిలో ఉండేది, మీ అబ్బాయి ఇంట్లో నిశ్చింతగా ఉండేవాడు.

శిక్ష మాట దాచకుండా చెబుతాను, ఎందుకంటే ‘కాగితాల కేసే కదా’ అని చాలామంది తేలికగా తీసుకుంటున్నారు. 10వ సెక్షన్‌ను ఉల్లంఘించి ఆయుధం తెస్తే ఆయుధాల చట్టం 25(1బి) సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణకు ముందు దానికి ఒకటి నుంచి మూడేళ్ల జైలు ఉండేది, ఇప్పుడు కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. ఏడేళ్ల లోపు నేరాల్లో అరెస్టుకు బదులు నోటీసు ఇచ్చే పద్ధతి ఈ సెక్షన్‌కు వర్తించవచ్చు గానీ, అరెస్టు తప్పుతుందన్న హామీ లేదు. కాబట్టి భారతీయ నాగరిక సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టులో గాని తెలంగాణ హైకోర్టులో గాని ముందస్తు బెయిలుకు వెంటనే దరఖాస్తు చేయించండి. కస్టమ్స్ అరెస్టుల్లోనూ ముందస్తు బెయిలు కోరవచ్చని సుప్రీంకోర్టు 2025లో రాధికా అగర్వాల్ కేసులో స్పష్టం చేసింది.

ఏజెంటు తప్పుకు మా వాడు ఎలా బాధ్యుడు అని మీకు అనిపించడం సహజం. అయితే కస్టమ్స్ చట్టం 147వ సెక్షన్ ప్రకారం ఏజెంటు చేసిన పని, వేరుగా రుజువయ్యే దాకా, యజమానికి తెలిసి జరిగినట్టే లెక్క. దానికి తోడు 138ఏ సెక్షన్ కింద నేర ఉద్దేశం ఉన్నట్టే కోర్టు భావిస్తుంది, లేదని నిరూపించే భారం నిందితుడిదే. అందువల్ల ఈ పూటే కూర్చుని ఏజెంటుతో జరిగిన ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు ఒక్కటీ చెరపకుండా భద్రపరచండి. రైఫిల్ ఉందని ఏజెంటుకు చెప్పిన సందేశం ఒక్కటి దొరికినా అది బంగారం. రైఫిల్ కొన్న రసీదు, లైసెన్సు దరఖాస్తు తేదీ తెలిపే పత్రం దానికి జోడించండి. దాచే ఉద్దేశం ఉన్నవాడు పోలీసులకు ముందే దరఖాస్తు పెట్టడు గదా అన్నది మీకున్న బలమైన వాదన.

ఆ రాత్రి ఇచ్చిన వాంగ్మూలం కస్టమ్స్ చట్టం 108వ సెక్షన్ కిందిది. పోలీసుల ముందు చెప్పిన మాటలా కాకుండా దాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోగలదు. నకలు తెప్పించి పంక్తి పంక్తీ చదవండి. తను అనని మాట అందులో ఉంటే ఆ సంగతి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ దానికి విలువ తగ్గుతుంది. అన్న మాటనే మార్చాలని మాత్రం చూడవద్దు.

షోకాజ్ నోటీసుకు గడువులోగా జవాబు ఇచ్చి, వ్యక్తిగత విచారణ కోరండి. శాఖాపరమైన విచారణలో ఆరోపణ నిలవదని గుణదోషాలను బట్టి తేలితే, అవే వాస్తవాల మీద క్రిమినల్ కేసు కొనసాగించడం తగదని సుప్రీంకోర్టు 2011లో రాధేశ్యామ్ కేజ్రీవాల్ కేసులో చెప్పింది. జరిమానా కట్టి వదిలించుకుందామని జవాబు ఇవ్వకుండా ఊరుకునేవారు ఆ దారిని తామే మూసుకుంటున్నారు. కమిషనర్ కంటే కింది స్థాయి అధికారి ఉత్తర్వు ఇస్తే, అప్పీలుకు 60 రోజుల గడువు ఉంటుంది.

ప్రశ్న: విదేశీ వెబ్‌సైట్‌లో ఎయిర్ రైఫిల్ కొన్నాను. అమ్మినవారు పార్శిల్ మీద ‘పనిముట్లు’ అని రాశారట. కస్టమ్స్ సమన్లు వచ్చాయి. దీనికి లైసెన్సు అక్కర్లేదని విన్నాను, నిజమేనా?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: సగమే నిజం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 ఎంఎం బోరు, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌ను ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. దిగుమతి మీద విదేశీ వాణిజ్య విధానం పెట్టిన ఆంక్షలు వేరు, ఆ మినహాయింపు వాటికి వర్తించదు. సమన్లకు తప్పక హాజరు కండి. ఆర్డరు పెట్టినప్పుడు తెరమీద కనిపించిన వివరణ, చెల్లింపు రసీదు, అమ్మినవారితో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు అచ్చు తీసి పట్టుకెళ్లండి. ‘పనిముట్లు’ అన్న మాట మీరు రాయించినది కాదని వాటితోనే చూపించాలి. తయారీదారు ఇచ్చిన సాంకేతిక వివరాల పత్రం కూడా వెంట ఉండాలి. శక్తి 20 జౌళ్లు దాటినట్టు అందులో ఉంటే మాత్రం, వాంగ్మూలం ఇవ్వడానికి వెళ్లే ముందే న్యాయవాదిని కలవండి.