ఎవరో ఒకరు చాలనుకోకు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. మీ ఫుట్‌బాల్ క్లబ్‌కు రెండు ట్రాన్స్‌ఫర్ విండోలు (ఆటగాళ్లను కొనుక్కునే గడువులు) గడిచినా సరైన సెంటర్ బ్యాక్, అంటే డిఫెన్స్ నడిమధ్య ఆడేవాడు, దొరకలేదని, ఈ పది రోజుల్లో ఎవరో ఒకరిని తీసుకోకపోతే యాజమాన్యం ఊరుకోదని రాశావు. నీ టెన్షన్ నాకు తెలుసు, ఆటగాళ్లను ఎంచుకునే ఆ కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ని. అయినా ఆ ‘ఎవరో ఒకరు’ అన్న మాట ముందు మనసులోంచి తీసెయ్.

మీ డిఫెన్స్ మైదానంలో ఎక్కడ నిలబడి ఆడుతుందో చూసుకున్నాకే మనిషిని వెతుకు. నేను దెబ్బతిన్నది అక్కడే. ఆరడుగుల పైచిలుకు మనిషి, గాల్లో వచ్చిన ప్రతి బంతీ అతని తలకే తగిలేది, చూసి ముచ్చటపడి సంతకం పెట్టించాం. తీరా చూస్తే పాత క్లబ్‌లో అతను సొంత పెనాల్టీ బాక్స్ వదిలి వచ్చిందే తక్కువ, మా కోచేమో డిఫెన్స్‌ను సెంటర్ లైన్ దాకా తోసేవాడు. వెనక ఖాళీలో బంతి పడితే అతను నడుం తిప్పి పరుగు అందుకునేసరికి అవతలి ఫార్వర్డ్ రెండు గజాలు ముందుండేవాడు. పాపం అతని తప్పేం లేదు, ఎంచుకున్న నాదే.

అందుకే డిఫెండర్‌ను చూడ్డానికి వెళ్తే బంతి వెంట చూపు పోనివ్వకు. బంతి అవతలి పక్క ఉన్నప్పుడు భుజం మీంచి వెనక్కి ఎన్నిసార్లు చూసుకుంటున్నాడు, అంచున ఆడే ఫుల్ బ్యాక్‌కు చెయ్యి చూపించి లోపలికి పిలుస్తున్నాడా, గోల్ పడ్డాక పక్కవాళ్లతో మాట్లాడుతున్నాడా, తల దించుకుని పోతున్నాడా, ఇవి చూడు. ట్యాకిల్స్ (కాలు అడ్డంపెట్టి బంతి లాక్కోవడం) లెక్క చూసి మోసపోకు, ముందే సరైన చోట నిలబడేవాడికి కింద పడాల్సిన పనే తక్కువ.

ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ సంగతి గుర్తుందిగా. 2017 వేసవిలో సెంటర్ బ్యాక్ వాన్ డైక్ చేతికి రాకపోతే అతని బదులు ఇంకొకరిని తెచ్చుకోలేదు, గోల్స్ పడుతున్నా ఓర్చుకుని 2018 జనవరిలో 7.5 కోట్ల పౌండ్లు పెట్టి అతన్నే తెచ్చుకున్నారు, 2019లో యూరప్ క్లబ్‌ల పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్ గెలిచారు. డబ్బుంది కాబట్టి చేశారంటావేమో, అదే జట్టులో ఎడమ పక్క ఆడిన రాబర్ట్‌సన్ కింది డివిజన్‌కు పడిపోయిన హల్ సిటీ నుంచి సుమారు 80 లక్షల పౌండ్లకే వచ్చాడు.

అదే క్లబ్ 2020లో ఇంకో సెంటర్ బ్యాక్ లోవ్రెన్‌ను పంపేసి ఆ చోటు ఖాళీగా వదిలేసింది. మిగిలిన సెంటర్ బ్యాక్‌లు వాన్ డైక్, గోమెజ్, మాటిప్ వరసగా గాయపడ్డారు, మిడ్‌ఫీల్డర్లు వెనక్కొచ్చి ఆడాల్సి వచ్చింది. జనవరి విండో చివర్లో హడావిడిగా తెచ్చిన ఇద్దరిలో బెన్ డేవిస్ ఒక్క పోటీ మ్యాచ్ కూడా ఆడకుండానే వెళ్లిపోయాడు. ఆఖరికి సీజన్ చివరి మ్యాచ్‌ల్లో నిలబడింది అప్పటికే క్లబ్‌లో ఉన్న నాట్ ఫిలిప్స్, రీస్ విలియమ్స్.

కాబట్టి నీ రిజర్వు కుర్రాళ్లను ఈ వారమే సీనియర్లతో ప్రాక్టీసులో దింపు. తప్పదనుకుంటే సీజన్ వరకు వేరే క్లబ్ నుంచి లోన్ మీద (అరువుకు) ఒకరిని తీసుకో, నాలుగేళ్ల కాంట్రాక్టు మాత్రం భయంతో రాయకు. నువ్వు చెప్పిన ఆ ఎడమ కాలి కుర్రాడి వీడియోలు నాకు పంపు, అతని జట్టు చిత్తుగా ఓడిన మ్యాచ్‌లు పూర్తిగా, తొంభై నిమిషాలూ కావాలి.

మీ అన్నయ్య