సైన్స్ బ్లాక్ ల్యాబుల్లో 9 మీటర్ల స్పాన్‌కి (ఆధారాల మధ్య దూరం) చదరపు మీటరుకి 3 కిలోన్యూటన్ల లైవ్ లోడ్ (మనుషులు, సామాను బరువు) తీసుకుంటే చాలా?

బలం వరకైతే చాలొచ్చు. లోడ్ల గురించిన భారతీయ కోడ్ ఐఎస్ 875 రెండో భాగం క్లాస్‌రూములకి 3, కారిడార్లకి 4 ఇస్తుంది, ఆ లోడుకి 9 మీటర్ల శ్లాబు నిలబెట్టడం పెద్ద కష్టం కాదు. కానీ సైన్స్ బిల్డింగులో పేచీ శ్లాబు మోస్తుందా లేదా అని కాదండీ, ఊగుతుందా లేదా అని.

కొన్నేళ్ల కిందట ఒక యూనివర్సిటీ సైన్స్ బ్లాక్ డిజైన్‌లో నేనూ పనిచేశాను. లెక్కలన్నీ కోడ్ ప్రకారమే ఉన్నాయి. రెండో అంతస్తులో కారిడార్ గోడ పక్కనే, సరిగ్గా స్పాన్ మధ్యలో మైక్రోస్కోప్ పెట్టుకున్నారు, క్లాసులు వదిలి పిల్లలు బయటికి రాగానే అందులో బొమ్మ వణికేది. ఒక రీసెర్చ్ స్కాలర్ అందరూ వెళ్లిపోయాక రాత్రిళ్లు వచ్చి ఫొటోలు తీసుకునేవాడు, అది చూశాక నాకు చాలా బాధేసింది. చివరికి దాన్ని గ్రౌండ్ ఫ్లోర్‌కి మార్చారు.

కోడ్ దీన్ని ఎందుకు పట్టుకోదంటే, కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో డిఫ్లెక్షన్ (శ్లాబు కిందికి వంగడం) పరిమితి స్పాన్‌లో 250వ వంతు, అంటే మీ 9 మీటర్లకి 36 మిల్లీమీటర్లు. అది ఎంత వంగుతుందో చూస్తుంది గానీ ఎలా ఊగుతుందో చూడదు. మనిషి నడిచేటప్పుడు సెకనుకి సుమారు రెండుసార్లు అడుగు వేస్తాడు, అంటే 2 హెర్ట్జ్ (సెకనుకి ఎన్నిసార్లు అన్న లెక్క), దాని రెట్లు 4, 6, 8 హెర్ట్జ్ దగ్గర కూడా శ్లాబుని కుదుపుతాయి. చేత్తో చూసుకోవాలంటే, సొంత బరువుకీ నిజంగా ఉండే సామానుకీ శ్లాబు వెంటనే ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో కనుక్కుని, 18ని దాని వర్గమూలంతో భాగించండి, శ్లాబు తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో హెర్ట్జ్‌లో వస్తుంది. 9 మి.మీ. దిగితే 6 హెర్ట్జ్, అది సరిగ్గా నడక రెట్లలో ఒకదాని మీదే పడుతుంది. 4 మి.మీ. అయితే 9 హెర్ట్జ్, కాస్త నయం. మామూలు 400 రెట్ల మైక్రోస్కోపుకి కంపన వేగం సెకనుకి 50 మైక్రోమీటర్లు దాటకుండా చూసుకోండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి ఇంకా చాలా తక్కువ ఉండాలి, దాన్ని మాత్రం పై అంతస్తుకి ఎక్కించొద్దు, నేల మీద విడిగా కాంక్రీటు దిమ్మ కట్టి పెట్టించండి.

ఆర్కిటెక్ట్ ఒప్పుకుంటే స్తంభాల మధ్య దూరం తగ్గించి 6.6 మీటర్ల గ్రిడ్‌కి రండి, బెంచీలూ నడవా కలిపి ల్యాబ్ మాడ్యూల్ ఎలాగూ 3.3 మీటర్ల దగ్గరే వస్తుంది, అలాంటివి రెండు పడతాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఫ్యూమ్ హుడ్ల (రసాయనాల పొగని బయటికి లాగే పెట్టెలు) డక్టులు టెర్రస్ దాకా వెళ్లాలి, అవి వెళ్లే నిలువు శాఫ్టులు ఇప్పుడే డ్రాయింగులో పెట్టించండి. పోస్ట్ టెన్షన్ శ్లాబు (లోపల ఉక్కు కేబుళ్లని బిగించి లాగి కట్టేది) అనుకుంటుంటే ఇది మరీ ముఖ్యం, తర్వాత ఎవరో వచ్చి డక్టు కోసం శ్లాబుకి రంధ్రం కోస్తే (కోర్ కటింగ్) లోపల కేబుల్ తెగే ప్రమాదం ఉంది.