సమాధానం: ఎండకు కరిగే లిప్‌బామ్, అడుగున చేరే రంగు

నల్గొండ ఎండలకు మీ లిప్‌బామ్ డబ్బాలోనే కరుగుతోందనీ, బీట్‌రూట్ పొడి అడుగున చేరుతోందనీ రాశారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరుగుతుంది. తేనెమైనం 62 దాటితే గానీ కరగదు. అందుకే వేసవిలో నూనె తగ్గించి మైనం పెంచండి. వందకు 25 పాళ్లతో మొదలుపెట్టి, ఒక డబ్బాను మధ్యాహ్నమంతా ఫ్యాను లేని గదిలో ఉంచి చూడండి. మరీ గట్టిపడితే కాస్త తగ్గించండి.

బీట్‌రూట్ రంగు నీటిలో కరిగేది, నూనెలో కలవదు. రసం పోస్తే బూజు పడుతుంది, దయచేసి ఆ పని చేయకండి! దానికి బదులు, నూనెలో రంగు దిగే జాఫ్రా (అన్నాటో) గింజలను గోరువెచ్చని నూనెలో నానబెట్టి వడకట్టండి. గులాబీ రాదు గానీ, చక్కని నారింజ ఛాయ దిగుతుంది.

మరొకటి, మీరు అడగకపోయినా చెప్తాను: ఇంట్లో చేసినా అమ్మకానికైతే 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం తయారీ లైసెన్సు ఉండాలి. దుకాణాలకు ఇచ్చేముందే రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగంలో దరఖాస్తు చేయండి.