ఎర్తు తీగ జోలికి వెళ్లవద్దు

సీతమ్మధార, విశాఖపట్నం.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాపులో మోటార్ల కంపనాన్ని కొలిచే పరికరాన్ని నీవే తయారుచేసి బిగించబోతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు గర్వంతో నాకు మాట రాలేదు. ఆ రాత్రి భయంతో నిద్రా పట్టలేదు.

నీ సెన్సరు ఇచ్చేది మిల్లీవోల్టులు, దాని పక్కనుంచి పోయేది 230 వోల్టుల కరెంటు. కనుక సిగ్నల్‌కు మెలిపెట్టిన జంట తీగలుండి, చుట్టూ లోహపు తొడుగు, అంటే షీల్డు, ఉన్న కేబులే వాడు. దానిని పవర్ కేబుళ్లకు ఎడంగా నడిపి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించు. రొదను ఆపే ఫిల్టరు ఏడీసీకి, అంటే సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగానికి, ముందే ఉండాలి. సెకనుకు 1000 నమూనాలు తీసుకునే పరికరంలోకి 990 హెర్ట్జ్ రొద చొరబడితే అది 10 హెర్ట్జ్ కంపనంలా కనిపిస్తుంది, ఆపైన ఏ ప్రోగ్రామూ దానిని విడదీయలేదు. బేరింగు వేడి వంటి నెమ్మదిగా మారే కొలతలకు 20 మిల్లీసెకన్ల సగటు తీస్తే కరెంటు లైన్ల నుంచి చొరబడే 50 హెర్ట్జ్ రొద, అంటే హమ్, దానంతటదే రద్దవుతుంది. కంపనానికి మాత్రం ఆ సగటు పనికిరాదు, కావలసినదీ దానితోపాటే పోతుంది.

ఇక నా భయం సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, హార్బరుకు దగ్గరగా ఉన్న ఒక షెడ్డులో, నేను బిగించిన, కొలతను కాగితం మీద గీతగా గీసే చార్ట్ రికార్డరులో సన్నగా పడవలసిన గీత హమ్ వల్ల దారమంత లావున పడేది. సెన్సరు ఒక చోట, రికార్డరు మరొక చోట ఎర్తు అయి ఉండడంతో, ఆ రెండింటి మధ్యనున్న కొద్దిపాటి వోల్టేజి తేడాకే కేబుల్ షీల్డు గుండా కరెంటు ప్రవహిస్తోందని నాకప్పుడు తట్టలేదు. రికార్డరు ప్లగ్గులో ఎర్తు తీగ విప్పి చూశాను, హమ్ మాయమైంది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ ఆ తీగను అలాగే వదిలేశాను. అప్పటినుంచి ఆ ఇనుప పెట్టెకు ఎర్తుగా మిగిలింది సన్నని షీల్డు ఒక్కటే. వానాకాలంలో ఉప్పుగాలి చెమ్మకు లోపలి ఇన్సులేషన్ దెబ్బతిన్నది. ఒకనాడు తుడవడానికని సిగ్నల్ కేబుల్ విప్పి పెట్టెమీద చెయ్యి వేసిన హెల్పరు కుర్రవాడు ఎగిరి గోడవారన పడ్డాడు. ప్రాణం దక్కింది గాని వేళ్లు కాలాయి. ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నన్ను ఈనాటికీ బాధిస్తుంది.

నేను చేయవలసింది చాలా చిన్న పని. షీల్డును ఒక కొసనే ఎర్తుకు కలిపి, రికార్డరుకు రెండు సిగ్నల్ తీగల మధ్య తేడానే కొలిచే డిఫరెన్షియల్ ఇన్‌పుట్ పెట్టి ఉంటే సరిపోయేది. అదీ చాలకపోతే సిగ్నల్ దారిలో ఐసొలేషన్, అంటే రెండు వైపులనూ తీగతో కలపకుండా సిగ్నల్‌ను మాత్రమే దాటించే ఏర్పాటు, ఉంది. ప్లగ్గులోని ఎర్తును ముట్టుకోనక్కరలేదు. ఎవరో తొందరపెట్టారని నీవు అటువంటి పని చేశావని తెలిస్తే, ఎంత పెద్దదానివైనా చెవి మెలిపెడతాను.

ఇది సముద్రపు ఊరు తల్లీ, ఎర్తు బోల్టులు ఇట్టే తుప్పుపడతాయి. వానలకు ముందు విప్పించి, గీకించి, మళ్లీ బిగించి కొలిపించు. మొదటిసారి స్విచ్చు వేసే రోజు ముందుగా కబురు చెయ్యి. నేను వచ్చి ఎర్తు చూసేదాకా ఆ పెట్టెమీద చెయ్యి వేయవద్దు.

ఇట్లు,
పెదనాన్న